పక్కింటి తలుపు తట్టిన ఉద్యమం

2013 దీపావళి. మా అక్కయ్య కొడుకు అప్పుడు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. పండక్కి ఇంటికొచ్చాడన్న మాటేగానీ, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒకటే నవ్వు. ఏంట్రా అని తొంగిచూస్తే వోల్వో కంపెనీ ఫేస్‌బుక్ పేజీ. కార్లు తయారుచేసే స్వీడన్ వోల్వోనే. ఎంతో శ్రద్ధగా తీసిన ఒక కారు ఫొటో, దాని కింద కుప్పలు తెప్పలుగా ఒకటే మాట: "వోల్వో, గిఫ్ డైర్‌టైడ్".

"కార్ల కంపెనీని ఏం అడుగుతున్నార్రా?" అన్నాను.

"వాల్వ్ వాళ్ళు పలకట్లేదు మామయ్యా. అందుకని వోల్వో వాళ్ళని అడుగుతున్నాం."

ఈ జవాబు నాకు చాలా ఏళ్ళు గుర్తుండిపోయింది. ఆ రోజు కుర్రచేష్ట అనుకుని వదిలేశాను. ఆ తర్వాత ఆన్‌లైన్ ఆటల్లో జరిగిన రకరకాల గొడవల గురించి చదువుతున్నప్పుడల్లా మళ్ళీ ఆ కారు ఫొటో దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. హాస్యాన్ని గురించి రాసేవాళ్ళు దీన్ని సాహిత్యం కింద లెక్కేయరు. ఎవరు రాశారో తెలీదు, ఒక్కటే వాక్యం, అదీ అచ్చుతప్పుతో. కానీ ఆ వాక్యంలో ఒక పాత్ర ఉంది, ఒక స్వరం ఉంది, ఎదుటివాడితో ఒక సంబంధం ఉంది. విమర్శకి అంతకంటే ఏం కావాలి?

ముందు కథేమిటో చెప్పాలి. డోటా 2 అనేది ఐదుగురూ ఐదుగురూ రెండు జట్లుగా ఆడే ఆట. ఒక జట్టు పేరు రేడియంట్, రెండోదాని పేరు డైర్. తయారుచేసింది అమెరికాలోని వాల్వ్ కంపెనీ. మైదానం మధ్యలో ఒక గుహలో రోషన్ అనే రాక్షసుడుంటాడు. 2012 హాలోవీన్‌కి వాల్వ్ వాళ్ళు ఈ ఆటకి కొద్దిరోజుల పాటు ఒక పండగ వేషం వేశారు. రెండు జట్లూ మిఠాయిలు పోగేసుకోవాలి, అవతలివాళ్ళవి ఎత్తుకొచ్చుకోవాలి. ఆ తర్వాత రోషన్ ఆకలితో గుహ వదిలి వచ్చి, ఒక్కొక్కరినీ తరుముతూ మిఠాయి అడుగుతాడు. ఇచ్చావా, నిన్నొదిలి ఇంకొకడి వెంట పడతాడు. ఇవ్వలేదా, చితక్కొడతాడు. దాని పేరే డైర్‌టైడ్.

2013 జులైలో ఆట అధికారికంగా విడుదలైంది. అక్టోబరు నెలాఖరు వచ్చింది. పోయినేటి పండగ ఈ ఏడూ ఉంటుందని అందరూ ఎదురుచూశారు. హాలోవీన్ వచ్చింది, వెళ్ళింది. డైర్‌టైడ్ రాలేదు. రావట్లేదని చెప్పినవాళ్ళూ లేరు. వాల్వ్ మాట్లాడని కంపెనీ. బయటివాళ్ళకి జవాబివ్వడం కంటే ఏదో ఒకటి తయారుచేసి విడుదల చేయడమే జవాబు అనుకునే తరహా. ఈసారి ఆ మౌనం మీదికి గోల లేచింది.

ఇప్పుడు ఆ గోల రూపం చూడండి. హాలోవీన్ రాత్రి పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి, మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా అని అడుగుతారు. అది ఉత్తుత్తి బెదిరింపు. ఇంటివాళ్ళకీ తెలుసు, పిల్లలకీ తెలుసు. మనవైపు దసరాకి బడిపంతులు వెంట పిల్లలు బాణాలు పట్టుకుని పద్యాలు పాడుతూ వీధివీధీ తిరిగి పప్పుబెల్లాలు అడిగేవాళ్ళు. ఆలస్యం చేసే ఇంటివాళ్ళని కాస్త దెప్పడం ఆ పాటల్లో భాగమే. డైర్‌టైడ్ ఆటలో రోషన్ చేసేదీ అదే. ఆట రాకపోయేసరికి, ఆడేవాళ్ళే రోషన్ వేషం కట్టి వాల్వ్ గుమ్మం ముందు నిలబడ్డారు. తమకి దక్కని ఆటని తమ నిరసనలో ఆడేశారు. ఇదెవరో కూర్చుని పథకం వేసింది కాదు. అయినా ఇంత అతికినట్టు కుదిరిందంటే, ఆ గుంపు ఆటని ఎంత లోపలికి తీసుకుందో తెలుస్తుంది.

ఇక ఆ మాట. "గివ్" అని కాదు, "గిఫ్" అని. వచ్చీరాని ఇంగ్లీషు. డోటా ఆడేవాళ్ళు రష్యాలో, చైనాలో, ఫిలిప్పీన్స్‌లో, పెరూలో, మన ఇంజనీరింగు హాస్టళ్ళలో ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాని పదిమంది ఒక ఆటలో తిట్టుకోవడానికీ బతిమాలుకోవడానికీ పుట్టిన విరిగిన ఇంగ్లీషు అది. అందులో పరాయివాళ్ళ ఉచ్చారణని వెక్కిరించడం కొంత ఉంది, దాచి లాభం లేదు. కానీ ఈసారి ఆ విరిగిన ఇంగ్లీషుని అందరూ తమ నోటే పలికారు. దానితోపాటు తిరిగిన చిహ్నం ఒకటుంది. కీబోర్డు మీది గుర్తులతో కూర్చిన బొమ్మ: రెండు గుండ్రటి కళ్ళు, ముందుకు చాచిన రెండు చేతులు. దేహీ అన్నట్టు. పిడికిలి ఎత్తిన బొమ్మ వేసుకోలేదు వాళ్ళు, చేయి చాచిన బొమ్మ వేసుకున్నారు. తమని తాము ముష్టివాళ్ళుగా చిత్రించుకున్నారు. ఈ ఉద్యమంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. నిరసనల్లో సాధారణంగా మనం మనని పెద్దగా చూపించుకుంటాం. ఇక్కడ చిన్నగా చూపించుకున్నారు. పైగా అది అబద్ధం కూడా కాదు. ఆడేవాడికీ ఆటకీ మధ్య ఉన్న చట్టబద్ధమైన సంబంధం సరిగ్గా అదే. డోటా 2 ఉచితం. ఆడేవాడు దేన్నీ కొనుక్కోలేదు. సర్వరు వాళ్ళది, నియమాలు వాళ్ళవి, పండగ పెట్టాలో మానాలో కూడా వాళ్ళ ఇష్టం. అడగడం తప్ప చేతిలో ఏముంది?

అయితే కథ అక్కడితో అయిపోదు. డోటా పుట్టింది వార్‌క్రాఫ్ట్ 3 అనే వేరే కంపెనీ ఆట మీద అభిమానులు తయారుచేసుకున్న రూపాంతరంగా. ఏళ్ళ తరబడి ఆడుతూ, సరిచేస్తూ పెంచుకున్నారు. 2013 ఆగస్టులో జరిగిన అంతర్జాతీయ పోటీకి వాల్వ్ 16 లక్షల డాలర్ల బహుమతి పెడితే, అభిమానులు 10 డాలర్లకొకటి చొప్పున కొన్న డిజిటల్ పుస్తకాల్లోంచి పావువంతు కలిసి అది 28 లక్షలు దాటింది. అంటే చట్టం ప్రకారం వీళ్ళది ఏమీ కాదు, కానీ వీళ్ళు పెట్టింది చాలా ఉంది. ముష్టి బొమ్మ వెనకాల ఉన్న అసలు బాధ ఇది. మేం పెంచిన చెట్టు కింద మమ్మల్ని పరాయివాళ్ళలా నిలబెట్టారేమిటి అని.

ఇలాంటి సంబంధానికి మన దగ్గర ఒక పేరుంది: నిందాస్తుతి. కాసుల పురుషోత్తమ కవి కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఉన్న ఆంధ్రమహావిష్ణువుని ఆంధ్రనాయక శతకం నిండా ఎత్తిపొడుస్తాడు. కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో కూర్చుని, ఏ నగకి ఎంత ఖర్చుపెట్టించానో రాముడికి లెక్కచెప్పి మరీ నిలదీస్తాడు. చివరికొచ్చేసరికి దెబ్బలు తాళలేక అన్నానని మన్నించమంటాడు. ఈ తిట్లలో మూడు విషయాలు కనిపిస్తాయి. తిట్టేవాడు తన గుట్టు తనే బయటపెట్టుకుంటాడు. తాను పెట్టినది ఏకరువు పెడతాడు. వీటన్నిటికీ మించి, అవతలివాడు పలకట్లేదన్నదే అసలు ఫిర్యాదు. దేవుడు చెడ్డవాడని ఎవడూ శతకం రాయడు. ఉలకడు పలకడు అని రాస్తాడు.

నేను బలవంతాన అంటగడుతున్న పోలిక కాదిది. వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్‌ని ఈ ఆటగాళ్ళు గేబెన్ అని పిలుస్తూ, చాలాకాలంగా ఉత్తుత్తి దేవుణ్ణి చేసి కొలుస్తున్నారు. తగ్గింపు ధరల అమ్మకాలు మొదలైతే జేజేలు, ఏదైనా ఆలస్యమైతే దండకాలు. ఉత్తుత్తి భక్తి ముందే ఉంది కాబట్టే ఉత్తుత్తి ఉద్యమానికి ఆ రంగు వచ్చింది. దీన్ని ధర్నా లెక్కన చూస్తే కోరిక మరీ అల్పంగా కనిపిస్తుంది, మిఠాయిల ఆట కోసం ఇంత యాగీనా అనిపిస్తుంది. అలక లెక్కన చూస్తే కొలత సరిపోతుంది. అలకలో కోరిక ఎప్పుడూ చిన్నదే. అడిగితే పలుకుతావా లేదా అన్నదే పెద్దది.

ఆన్‌లైన్ ఆటల్లో నవ్వుతో చేసిన నిరసన ఇదే మొదటిది కాదు. 1997లో అల్టిమా ఆన్‌లైన్ ఆటలో లోపాలకి విసిగిపోయినవాళ్ళు తమ పాత్రల బట్టలు విప్పేసి, ఆ ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్ పాత్ర అయిన లార్డ్ బ్రిటిష్ కోటలో చేరి, తాగి తందనాలాడారు. 2005 జనవరిలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో యోధుల తరగతికి అన్యాయం జరుగుతోందని, ఒక సర్వరులో గుంపులు గుంపులుగా మరుగుజ్జు పాత్రలు సృష్టించుకుని ఒకే ఊళ్ళో పోగయ్యారు. సర్వరు ఉక్కిరిబిక్కిరైంది. కంపెనీ కొందరి ఖాతాలు నిలిపేసింది. 2011 జూన్‌లో ఈవ్ ఆన్‌లైన్ ఆటలో, ఒంటికంటి అద్దం ఒకటి దాదాపు 60 డాలర్లకి అమ్మకానికి పెట్టారన్నది ఒక కారణంగా వందలమంది తమ అంతరిక్ష నౌకలతో జిటా అనే బజారు కేంద్రానికి వెళ్ళి, అక్కడున్న ఒక స్మారక చిహ్నం మీద కాల్పులు జరిపారు. ఆ చిహ్నం ఎన్ని గుళ్ళు తగిలినా పగిలేది కాదు. ఆ సంగతి వాళ్ళకి తెలుసు. తెలిసే కాల్చారు.

ఈ మూడింటిలోనూ నవ్వు ఒక అలంకారం కాదు, గత్యంతరం. ఆట లోపల ఉన్నవాడికి ఆటలో ఉన్న వస్తువులే దొరుకుతాయి: బట్టలు, మరుగుజ్జులు, గుళ్ళు. వాటితో ఏం చేసినా ఆటలాగే ఉంటుంది. డైర్‌టైడ్ వాళ్ళు వేసిన కొత్త అడుగు ఏమిటంటే, ఆట బయటికి వచ్చి తప్పు తలుపు తట్టడం. వాల్వ్ పేరుని వంకర తిప్పితే వోల్వో. ఆ పేరడీ పిలుపు వాళ్ళలో వాళ్ళు అప్పటికే వాడుకుంటున్నదే. పాత జోకుని పట్టుకుని నిజంగానే ఆ చిరునామాకి వెళ్ళిపోయారు. యజమాని తలుపు తీయకపోతే పక్కింటి ముందు నిలబడి గట్టిగా అరిస్తే, యజమాని పరువు వీధిలో పడుతుంది. అత్తగారి మీద కోపం పిల్లిని తిట్టి వెళ్ళగక్కే కోడళ్ళ వీధుల్లో పెరిగినవాళ్ళకి ఈ విద్య చెప్పక్కర్లేదు. హాస్యపరంగా చూస్తే ఇదే దీని ప్రాణం. ఏమీ తెలియని ఒక కార్ల కంపెనీ ముందు వేలమంది చేతులు చాచడంలో ఉన్న అసంబద్ధత, మౌనంలో ఉన్న అసంబద్ధతని బయటపెట్టింది. పలకని వాల్వ్‌ని అడగడం, సంబంధం లేని వోల్వోని అడగడం, రెండూ ఒకటే కదా అన్నది వాళ్ళు నోరువిప్పి చెప్పని వాదం.

అయితే ఇక్కడే నా నవ్వు కాస్త ఆగుతుంది. వోల్వో వాళ్ళు దీన్ని సరదాగానే తీసుకున్నారు, వంత పాడారు కూడా. సరే. కానీ ఆ పేజీ చూసుకునే ఉద్యోగి ఎవరో ఒకరుంటారు కదా. పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే, తనకి అర్థంకాని మాట తుపానులా వచ్చి పడుతోంది. ఆ మనిషికి ఈ ఆటతో సంబంధం లేదు, ఈ అలకతో సంబంధం లేదు. నిందాస్తుతిలో నింద వెనకాల స్తుతి ఉంటుంది కాబట్టే దాన్ని భరిస్తాం. గుడికి సంబంధంలేని బాటసారి మీద అదే నింద పడితే, స్తుతి రాలిపోయి నింద ఒక్కటే మిగులుతుంది. అదే వారంలో మెటాక్రిటిక్ అనే సమీక్షల వెబ్‌సైటులో డోటా 2కి కసిగా సున్నా మార్కులు కూడా వేశారు. అక్కడ చాచిన చేయి లేదు. ఉన్నది రాయే.

తమాషాకే అన్నాం అన్న మాట చాలా పనులకి పనికొస్తుంది. ఏడాది తిరక్కుండానే, 2014 ఆగస్టులో, ఆటల ప్రపంచంలో గేమర్‌గేట్ అన్న పేరుతో మరో గుంపు లేచింది. ఆటలు తయారుచేసే స్త్రీలనీ, ఆటల మీద విమర్శ రాసే స్త్రీలనీ ఇళ్ళు వదిలి వెళ్ళేదాకా వేధించింది. ఆ మనుషులూ ఈ మనుషులూ ఒకటే అని నేననను. ఉద్దేశాలు ఒకటి కావు. కానీ పనిముట్లలో కొన్ని ఒకటే: ఒక నినాదం, లోపలివాళ్ళకే అర్థమయ్యే జోకులు, ఒకేసారి వేలమంది ఒకే చోట పడడం, ఎవరైనా అడిగితే నవ్వేసి తప్పుకోవడం. కాబట్టి ఇలాంటి హాస్యాన్ని ఎంత నవ్వొచ్చింది అని మాత్రమే కొలవడం చాలదు. జోకులో బొమ్మ ఎవరిది అని చూడాలి. చేయి చాచిన బొమ్మలో ఉన్నది జోకు వేసేవాడే. అతను తనని తాను పందెంలో పెట్టాడు. ఎదుటివాణ్ణి మాత్రమే బొమ్మ చేసి తాను తెర వెనక నిలబడే హాస్యం వేరే జాతిది.

పందెం అన్నాను కాబట్టి ఇంకో తేడా కూడా ఒప్పుకోవాలి. గోపన్న చెరసాలలో ఉండి అన్నాడు. డైర్‌టైడ్ వాళ్ళు హాస్టల్ గదుల్లో, మంచాల మీద పడుకుని అన్నారు. వాళ్ళకి పోయేదేమీ లేదు. నిందాస్తుతి అన్న పేరు ఇచ్చినంత మాత్రాన ఆ బరువు వచ్చేయదు.

మరి దేవుడు పలికాడా? పలికాడు. నవంబరు మొదటివారంలోనే వాల్వ్ తప్పు ఒప్పుకుంటూ రాసింది. పెద్ద మార్పుల పనిలో ఉండి ఈ ఏడు పండగ పెట్టదలచుకోలేదనీ, ఆ సంగతి ముందే చెప్పాల్సిందనీ ఆ రాసినదాని సారాంశం. అదే నెల మధ్యలో, కొత్త పాత్రలతో వచ్చిన మార్పులతోపాటు డైర్‌టైడ్ కూడా వచ్చింది. గోగులపాటి కూర్మనాథ కవి సింహాద్రి నారసింహుణ్ణి నిలదీస్తూ శతకం చెబితే, గండుతుమ్మెదలు లేచి దండెత్తి వచ్చినవాళ్ళని తరిమేశాయని చెప్పుకుంటారు. మన శతకాల చరిత్రలో అలా వెంటనే పలికిన దేవుడి కథలు అరుదు. కంపెనీ దేవుడు రెండు వారాల్లో పలికాడు.

నిజానికి ఈ కాలపు దేవుళ్ళతో చిక్కు వాళ్ళు పలకకపోవడం కాదనిపిస్తుంది, మరీ తెలివిగా పలకడం. ఈవ్ ఆన్‌లైన్ వాళ్ళు తర్వాత ఆ పగలని స్మారక చిహ్నం ఉన్న చోటే, పగిలిన చిహ్నం ఒకటి పెట్టి, ఆ తిరుగుబాటుకి గుర్తుగా ఉంచేశారు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆటకి సోనీ ఖాతా తప్పనిసరి అన్నందుకు, ఆటగాళ్ళు స్టీమ్‌లో రెండు లక్షలకి పైగా ప్రతికూల సమీక్షలు గుమ్మరించారు. ఆ ఆటలో వాడే వెటకారపు సైనిక భాషలోనే గోల చేశారు. కొద్దిరోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ తర్వాత, ఆ సమీక్షల గ్రాఫునే డిజైనుగా వేసి, ఆటలో పాత్రలు కప్పుకునే ఉత్తరీయం ఒకటి ఇచ్చారు. నిరసన బట్టగా మారి, నిరసించినవాళ్ళ భుజాల మీదే వాలింది. ఇది ఓటమి అని తేల్చేయలేను. కోరింది జరిగింది, పైగా గుర్తుగా ఒకటి మిగిలింది. గెలుపు అనడానికీ నోరు రాదు. యజమాని కూడా మనతోపాటు నవ్వేస్తే, ఆ నవ్వు ఇంకెవరి మీద? రేపు మళ్ళీ అలిగితే దానికీ ఒక ఉత్తరీయం సిద్ధంగా ఉంటుంది.

ఆ లెక్కన చూస్తే డైర్‌టైడ్ గొడవ కాస్త అమాయకమైన కాలానిది. దాన్ని ఎలా కొనుక్కోవాలో అప్పటికి ఎవరికీ తట్టలేదు. తడబడి, తప్పయిపోయిందని చెప్పి, అడిగింది ఇచ్చేశారు.

ఈమధ్య ఒక పెళ్ళిలో మా వాడు కలిశాడు. ఇద్దరు పిల్లలు, నడుం నొప్పి, ఆటలు మానేసి చాలా కాలమైంది. డైర్‌టైడ్ సంగతి ఎత్తితే మొహం వెలిగింది. ఆ రాత్రి ఎవరెవరు ఏమేం రాశారో, హాస్టల్లో ఏ గదిలో ఎంత గోల చేశారో వరసపెట్టి చెప్పాడు.

"మరి తీరా ఆట వచ్చాక ఎలా ఉందిరా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించాడు. "రెండు మూడు సార్లు ఆడినట్టున్నాం మామయ్యా. సరిగ్గా గుర్తులేదు."